క్లిప్పులు పెట్టించే ముందు: పాఠకుల ప్రశ్నలు, ఆర్థోడాంటిస్ట్ జవాబులు

ఎండాకాలం సెలవులు దగ్గర పడేసరికి నాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం క్లిప్పుల గురించే ఉంటాయి. ఒంగోల్లో నా క్లినిక్‌లోనూ అంతే. "ఇవాళే పెట్టేయండి మేడమ్, మళ్ళీ రావాలంటే కుదరదు" అంటారు. క్లిప్పులు అతికించడానికి గంట, గంటన్నర చాలు. ఆ తర్వాత ఏడాదిన్నర నుంచి రెండేళ్ళ పాటు, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి రావాలి. అవి తీసేశాక, పళ్ళు మళ్ళీ జరిగిపోకుండా పట్టి ఉంచే రిటైనర్ ఏళ్ళ తరబడి పెట్టుకోవాలి. మళ్ళీ రావడం కుదరని వాళ్ళకి ఆ రోజు క్లిప్పులు పెట్టకుండా పంపేస్తాను. కొందరికి కోపం వస్తుంది కూడా. ఎందుకలా చేస్తానో ఈ నెల జవాబులు చదివితే తెలుస్తుంది.

మా పాపకి ఎనిమిదేళ్ళు. పై ముందుపళ్ళు రెండూ పక్కలకి విచ్చుకుని మధ్యలో సందు పడింది. ఒక డాక్టరు గారు ఇప్పుడే క్లిప్పులు వేయిద్దామన్నారు, ఇంకొకరు పన్నెండేళ్ళు వచ్చేదాకా ఆగమన్నారు. మా అత్తగారేమో సందు ఉంటే అదృష్టం, కదిలించొద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక తల్లి, నరసరావుపేట

అమ్మా, ఈ వయసులో ముందుపళ్ళ మధ్య సందు చాలామంది పిల్లలకి ఉండేదే. పై దవడ ఎముకలో ఇంకా దిగని కోరపళ్ళు ముందుపళ్ళ వేర్లని పక్కనుంచి నొక్కుతుంటాయి. దాంతో పళ్ళ చివర్లు విచ్చుకుంటాయి. 11, 12 ఏళ్ళకి కోరపళ్ళు దిగాక, 2 మిల్లీమీటర్ల లోపు సందైతే చాలావరకు దానంతటదే మూసుకుంటుంది. అంతకంటే వెడల్పుగా ఉంటే మాత్రం ఎక్స్‌రే తీసి, మధ్యలో అదనపు పన్ను ఏదైనా దాగి ఉందేమో చూడాలి. పై పెదవిని చిగురుకి పట్టి ఉంచే కండ మరీ కిందికి దిగి ఉందేమో కూడా చూడాలి.

అందుకని ఆగమన్న డాక్టరు గారి మాట సందు వరకు సరైనదే. కానీ ఆగమన్నారని పన్నెండేళ్ళ వరకు అసలు చూపించకుండా ఉండకండి. ఏడేళ్ళకల్లా ఒక్కసారైనా ఆర్థోడాంటిస్ట్‌కి, అంటే పళ్ళ వరస సరిచేసే స్పెషలిస్ట్‌కి, చూపించాలని అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం చెబుతుంది. నేనూ అదే చెబుతాను. ఆ వయసుకి మొదటి శాశ్వత దవడపళ్ళు, ముందుపళ్ళు కొన్ని వచ్చేస్తాయి, దవడలు ఎటు పెరుగుతున్నాయో అంచనా దొరుకుతుంది.

ఇంట్లో మీరే చూడగలిగింది ఒకటుంది. పాపని కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి, వెనక పళ్ళు కొరికి పట్టుకోమని, బుగ్గ పక్కకి లాగి చూడండి. పై పళ్ళు కింది పళ్ళకి కాస్త బయటికి ఉండాలి. ఎక్కడైనా పై పళ్ళు లోపలికీ కింది పళ్ళు బయటికీ ఉన్నాయా? కింది దవడ ముందుకొచ్చి, కింది ముందుపళ్ళు పై పళ్ళని దాటి ఉన్నాయా? ఉంటే ఆగకండి. అంగిలి మధ్యలో ఉండే అతుకు చిన్నతనంలో సులువుగా విడుతుంది కాబట్టి, ఇరుకైన పై దవడని ఆ వయసులో ఎక్స్‌పాండర్‌తో వెడల్పు చేయగలం. వెనకబడిన పై దవడని ముందుకు తెచ్చే ఫేస్‌మాస్క్ కూడా పదేళ్ళలోపు బాగా పనిచేస్తుంది. పెద్దయ్యాక అదే లోపానికి ఆపరేషన్ అవసరం పడొచ్చు.

ఎత్తుపళ్ళతో పాటు కింది దవడ వెనక్కి ఉన్న పిల్లలకి మాత్రం ఎదుగుదల ఊపందుకునే సమయం మంచిది. ఆడపిల్లలకి సుమారు 10 నుంచి 12, మగపిల్లలకి 12 నుంచి 14. అప్పుడు ట్విన్ బ్లాక్ లాంటి, తీసి పెట్టుకునే పరికరాలు వాడతాం. బాగా ఎత్తుగా ఉన్న ముందుపళ్ళు ఆటల్లో పడినప్పుడు విరిగిపోయే ప్రమాదం ఎక్కువ కాబట్టి, అలాంటి పిల్లల్లో కొందరికి ఇంకా ముందే మొదలుపెడతాం.

పదేళ్ళు నిండాక ఇంకోసారి తీసుకెళ్ళండి. పై చిగురు మీద, ముక్కుకి ఇరుపక్కలా వేలితో తడిమితే కోరపళ్ళు ఉబ్బెత్తుగా తగలాలి. తగలకపోతే అవి దారి తప్పి అంగిలి వైపు వెళ్తున్నాయేమో చూడాలి. ఆ వయసులో తెలిస్తే ఒక్కోసారి పాల కోరపన్ను తీసేస్తే చాలు, లోపలి పన్ను దారిలో పడుతుంది. పదహారేళ్ళకి తెలిస్తే చిగురు కోసి, గొలుసు కట్టి, నెలల తరబడి లాగాల్సి వస్తుంది.

ఇంకో మాట. పాల దవడపళ్ళు పుచ్చితే "ఎలాగూ ఊడేవే కదా" అని వదిలేయకండి. చివరి పాల దవడపన్ను 10, 12 ఏళ్ళ దాకా ఉండాలి. ముందే పీకేస్తే వెనక పన్ను ఆ చోట్లోకి జరిగిపోయి, రావాల్సిన పన్నుకి చోటుండదు. పీకక తప్పకపోతే ఆ చోటు పట్టి ఉంచే స్పేస్ మెయింటెయినర్ గురించి అడగండి. ఇక మీ అత్తగారి మాట. సందు దానంతటదే మూసుకుంటే ఆవిడా ఏమీ అనరు.

మా అబ్బాయికి 13. క్లిప్పులకి ముందు నాలుగు మంచి పళ్ళు తీసేయాలన్నారు. పై పళ్ళు తీస్తే చూపు పోతుందని మా అమ్మ ఒప్పుకోవడం లేదు. మంచి పళ్ళు తీయడం నాకూ మనసొప్పడం లేదు.
– ఒక తండ్రి, మార్కాపురం

ముందు మీ అమ్మగారికి జవాబు. పై పళ్ళకి వచ్చే నరం వేరు, చూపుకి సంబంధించిన నరం వేరు. చూపు నరం కంటి వెనకనుంచి నేరుగా మెదడుకి వెళ్తుంది, పళ్ళ వైపు రాదు. పై పన్ను తీయడం వల్ల చూపు తగ్గదు. మత్తు ఇంజెక్షన్‌కి కాసేపు బుగ్గ, పై పెదవి మొద్దుబారతాయి. దాన్ని చూసి పుట్టిన భయమే అయ్యుండాలి. పెద్దావిణ్ణి కూడా ఒకసారి క్లినిక్‌కి తీసుకెళ్ళండి. నా దగ్గరికి వచ్చే నాయనమ్మలకి ఎక్స్‌రే ఎదురుగా పెట్టి, కన్ను ఎక్కడుందో పన్ను వేరు ఎక్కడుందో చూపిస్తే చాలామంది అక్కడే ఒప్పుకుంటారు.

ఇక మీ అనుమానం న్యాయమైనది. తీసేది సాధారణంగా కోరపన్ను వెనక ఉండే చిన్న దవడపన్ను. దాని వెడల్పు సుమారు 7 మిల్లీమీటర్లు. పళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కి, చోటు 8, 10 మిల్లీమీటర్లు తక్కువ పడినప్పుడో, పెదవులు మూసుకోనంతగా రెండు దవడల పళ్ళూ ముందుకొచ్చినప్పుడో ఆ చోటు ఎక్కడినుంచో రావాలి. రెండు, మూడు మిల్లీమీటర్ల లోటుకైతే పళ్ళు తీయనక్కర్లేదు. పళ్ళ మధ్య సన్నగా అరగదీసో, దవడ కాస్త వెడల్పు చేసో సర్దొచ్చు.

డాక్టరు గారిని ఇలా అడగండి: "మా వాడికి ఎన్ని మిల్లీమీటర్ల చోటు తక్కువుంది? తీయకుండా చేస్తే ఏమవుతుంది?" పళ్ళ అచ్చులు లేదా స్కాన్, పళ్ళూ దవడలూ అన్నీ ఒకేసారి కనబడే ఓపీజీ ఎక్స్‌రే, ముఖం పక్కనుంచి తీసే సెఫలోగ్రామ్, ఫొటోలు ముందు పెట్టుకుని ఆయన చెబితే నమ్మండి. ఇవేవీ తీయకుండా నోరు తెరిపించి చూసి నాలుగు పళ్ళు తీయాలని తేల్చేస్తే, ఇంకో ఆర్థోడాంటిస్ట్‌కి చూపించండి. తీసిన పన్ను మళ్ళీ పెట్టలేం కాబట్టి రెండో అభిప్రాయం కోసం పదిహేను రోజులు ఆగినా నష్టం లేదు.

నాకు 24 ఏళ్ళు. మా ఊరి నీళ్ళ వల్ల పళ్ళ మీద గోధుమ రంగు మరకలున్నాయి, పళ్ళు వంకర కూడా. ఆరు నెలల్లో పెళ్ళి. ఒకచోట, పళ్ళు అరగదీసి తొడుగులు వేస్తే వారంలో తెల్లగా, వరసగా అయిపోతాయన్నారు. వేయించుకోనా?
– ఒక పాఠకురాలు, కనిగిరి

వద్దమ్మా. ఈ ఉత్తరానికి పత్రిక వచ్చేదాకా ఆగలేక ముందే జవాబు రాసి పోస్టులో వేశాను. మీలాంటి అమ్మాయిలు చాలామంది ఉంటారు కాబట్టి ఇక్కడా రాస్తున్నాను.

వంకర పన్నుని తొడుగుతో వరసలోకి తేవాలంటే బయటికి ఉన్న భాగమంతా చెక్కేయాలి. ఒక్కోసారి నరం దాకా వెళ్ళి రూట్ కెనాల్ చేయాల్సొస్తుంది. చెక్కిన ఎనామెల్ మళ్ళీ పెరగదు. తొడుగు జీవితాంతం ఉండదు, కొన్నేళ్ళకోసారి మార్చుకోవాల్సిందే. 24 ఏళ్ళకే మొదలుపెడితే ఎన్నిసార్లు మార్చుకోవాలో ఆలోచించండి.

ఆరు నెలల్లో క్లిప్పులతో పూర్తిగా సరిచేయడం కూడా కుదరదు. పన్ను వేరుకీ ఎముకకీ మధ్య సన్నటి పొర ఉంటుంది. తీగ లాగినప్పుడు ఒత్తిడి పడిన వైపు ఎముక కరుగుతుంది, వెనకవైపు కొత్త ఎముక పోసుకుంటుంది. పన్ను అలా నెలకి సుమారు ఒక్క మిల్లీమీటరు కదులుతుంది. తొందరపడి గట్టిగా లాగితే పళ్ళ వేర్లు అరిగి పొట్టివవుతాయి.

ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగి పెరిగిన పళ్ళకి ఇంకో చిక్కుంది. మీ కనిగిరి వైపు నుంచి వచ్చేవాళ్ళలో, నల్గొండ వైపు వాళ్ళలో ఈ ఫ్లోరోసిస్ ఎక్కువగా చూస్తాం. క్లిప్పు అతికించే ముందు పన్ను మీద యాసిడ్ జెల్ రాసి గరుకుగా చేస్తాం. ఫ్లోరోసిస్ ఉన్న ఎనామెల్ ఆ యాసిడ్‌కి సరిగా లొంగదు. అందుకే క్లిప్పులు మాటిమాటికీ ఊడొస్తాయి. దానికి పద్ధతులున్నాయి. పై పొరని లేతగా రుద్దుతాం, జెల్ ఎక్కువసేపు ఉంచుతాం, అతికించే ముందు పూసే ప్రైమర్ వేరే రకం వాడతాం. "నాది ఫ్లోరోసిస్ పన్ను, ఊడిపోతే మళ్ళీ అతికించడానికి విడిగా తీసుకుంటారా?" అని మొదటి రోజే అడగండి.

నా సలహా ఇది. పెళ్ళికి ముందు క్లీనింగ్ చేయించుకుని, కళ్ళకి కొట్టొచ్చే మరకలకి మైక్రోఅబ్రేషన్ చేయించుకోండి. ఎనామెల్ మీద చాలా పలచటి పొర మాత్రమే పోతుంది, మరకలు చాలావరకు తేలికపడతాయి. క్లిప్పులు పెళ్ళయ్యాక, ఏ ఊళ్ళో కాపురం ఉంటారో తేలాక పెట్టించుకోండి. పళ్ళు వరసకొచ్చాక మిగిలిన రంగు సంగతి చూడొచ్చు. అబ్బాయికి, అత్తగారికి ముందే చెప్పండి, దాచాల్సిన విషయమేమీ కాదిది.

ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తున్నాను. ఇప్పుడు క్లిప్పులు పెట్టించుకుని వెళ్తే అక్కడ ఎవరైనా చూస్తారా?
– ఒక విద్యార్థి, ఖమ్మం

పెట్టించుకోవద్దు. ఇంకొకరు మొదలుపెట్టిన కేసు సగంలో తీసుకోవడానికి అక్కడి డాక్టర్లలో చాలామంది ఇష్టపడరు. తీసుకున్నా కొత్తగా ఫీజు మొదలవుతుంది, విద్యార్థుల ఇన్సూరెన్స్‌లో పెద్దవాళ్ళ క్లిప్పుల ఖర్చు మామూలుగా రాదు. పుచ్చు పళ్ళకి ఫిల్లింగులు, జ్ఞానదంతాల సంగతి ఇక్కడ చూపించుకుని వెళ్ళండి, అవే అక్కడ ఎక్కువ ఖర్చు పెట్టిస్తాయి. ఇప్పటికే క్లిప్పులున్న వాళ్ళు మాత్రం మొదటి రోజు ఫొటోలు, ఎక్స్‌రేలు, స్కాన్ ఫైళ్ళు, చికిత్స ప్రణాళిక, క్లిప్పులో తీగ కూర్చునే గాడి, అంటే స్లాట్, 0.018 అంగుళాలదా 0.022 దా అన్నది రాయించుకుని వెళ్ళండి. అక్కడి డాక్టరు మొదట అడిగేవి ఇవే.

నాకు 46 ఏళ్ళు. షుగరుంది. ఇంతకుముందు వరసగా ఉన్న పై ముందుపళ్ళ మధ్య రెండేళ్ళుగా సందు పెరుగుతోంది, పన్ను కాస్త కిందికి జారినట్టుంది. ఈ వయసులో క్లిప్పులంటే నవ్వుతారేమో. పనిచేస్తాయా?
– ఒక ఉపాధ్యాయిని, రాజమహేంద్రవరం

టీచర్ గారూ, క్లిప్పులకి వయసు అడ్డు కాదు. ఎముక, చిగురు ఆరోగ్యంగా ఉంటే యాభైల్లోనూ పళ్ళు కదులుతాయి. కాకపోతే మీ విషయంలో క్లిప్పుల మాట తర్వాత. నలభై దాటాక కొత్తగా సందులు పడుతున్నాయంటే మొదట అనుమానించాల్సింది చిగుళ్ళ జబ్బుని. గార పేరుకుని, చిగురు కింద ఎముక తగ్గిపోయి, పట్టు సడలిన పన్ను నాలుక, పెదవుల ఒత్తిడికే జరిగిపోతుంటుంది. షుగరు అదుపులో లేకపోతే ఇది వేగంగా నడుస్తుంది. రాత్రి దిండు మీద రక్తపు చారలు, బ్రష్ చేస్తే ఎర్రబడే నురగ, నోటి వాసన, వీటిల్లో ఏదైనా ఉందా చూసుకోండి.

మొదట పీరియోడాంటిస్ట్, అంటే చిగుళ్ళ స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్ళండి. సన్నటి కొలత పుల్లతో ప్రతి పన్ను చుట్టూ చిగురు ఎంత లోతు విడిపోయిందో కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే మామూలు. 5, 6 ఉంటే లోతుగా శుభ్రం చేయాలి, అవసరమైతే చిన్న సర్జరీ. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష రిపోర్టు మీ ఫైల్లో పెట్టుకోండి. చిగుళ్ళు కుదుటపడి కొన్ని నెలలు అలాగే నిలిచాయని తేలాకే క్లిప్పులు. మీకు వాడేది చాలా తేలిక బలం. జబ్బు ఉండగానే తీగ బిగిస్తే మిగిలిన ఎముక కూడా పోతుంది. తొందర పెట్టే డాక్టరైనా, తొందరపడే పేషెంటైనా ఇక్కడ నష్టపోయేది పన్నే.

మీ వయసు వాళ్ళు తప్పక చెప్పాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. ఎముకలు గుల్లబారాయని ఏడాదికోసారి ఇంజెక్షనో, వారానికోసారి మాత్రో వాడుతుంటే డాక్టరుకి చెప్పండి. ఆ మందుల్లో కొన్ని ఎముక కరగడాన్ని ఆపుతాయి, దాంతో పన్ను సరిగా కదలదు, పళ్ళు తీస్తే దవడ మానడం కష్టమవుతుంది. పన్ను పోయిన చోట ఇంప్లాంట్ వేయించాలనుకుంటే క్లిప్పుల తర్వాతకి పెట్టుకోండి. ఇంప్లాంట్ ఎముకకే అంటుకుంటుంది, దాన్ని కదపలేం. రూట్ కెనాల్ చేసిన పన్ను మాత్రం కదులుతుంది, దానికి టెన్షన్ అక్కర్లేదు.

చికిత్స అయ్యాక ముందుపళ్ళ వెనక సన్నటి తీగ శాశ్వతంగా అతికిస్తారు, దాన్ని ఒప్పుకోండి. పళ్ళు దగ్గరికొచ్చాక వాటి మధ్య చిగురు దగ్గర చిన్న త్రికోణంలా ఖాళీ మిగలొచ్చని కూడా ముందే తెలుసుకోండి. నవ్వుతారేమోనన్న భయం వద్దు. మీ క్లాసులో క్లిప్పులున్న పిల్లలు కచ్చితంగా ఉంటారు, వాళ్ళకి మీరే పెద్ద ధైర్యం.

కిట్ ఇంటికే పంపిస్తారు, అచ్చు మనమే తీసి పంపితే అలైనర్లు కొరియర్‌లో వస్తాయన్న ప్రకటన చూశాను. ఆఫీసులో తీగలు కనబడడం ఇష్టం లేదు. తీసుకోవచ్చా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

అలైనర్లు, అంటే పళ్ళ మీద తొడుక్కునే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు, మంచివే. కొరియర్ పద్ధతి నాకు ఇష్టం లేదు. ఎక్స్‌రే లేకుండా పళ్ళ వేర్ల పొడుగు, ఎముక మట్టం, లోపల దాగిన పన్ను ఎలా తెలుస్తాయి? చిగుళ్ళ జబ్బు ఉందో లేదో ఎవరు కొలుస్తారు? డాక్టరు చేతిలోనే అలైనర్లు వేయించుకోండి. పళ్ళ మీద పంటి రంగు బొడిపెలు అతికించాల్సి రావచ్చు, అనుకున్నట్టు కదలకపోతే మళ్ళీ స్కాన్ చేసి కొత్త సెట్ చేయించాలి. ఆ రెండో సెట్ ఖర్చు ఫీజులోనే ఉందా అని రాతపూర్వకంగా తెలుసుకోండి.

రోజుకి 20 నుంచి 22 గంటలు నోట్లోనే ఉండాలి. తినేటప్పుడు, మంచినీళ్ళు తప్ప ఏది తాగేటప్పుడైనా తీయాలి, మళ్ళీ పెట్టుకునే ముందు నోరు పుక్కిలించాలి. ఆఫీసులో నాలుగు టీలు, మధ్యలో సమోసా, సాయంత్రం మిర్చిబజ్జీ అలవాటున్న వాళ్ళకి ఆ 22 గంటలు పూర్తికావు. ఒక వారం రోజులు నోట్లో ఏదైనా పెట్టుకున్న ప్రతిసారీ ఫోన్లో రాసుకోండి. ఆ జాబితా చూశాక అలైనర్లా, పంటి రంగు సిరామిక్ క్లిప్పులా అన్నది మీరే తేల్చుకోగలరు.

ఫీజు ఒకచోట తక్కువ, ఒకచోట బాగా ఎక్కువ చెబుతున్నారు. ఏం చూసి ఎంచుకోవాలి?
– ఒక తండ్రి, కడప

వైద్యం చేసేది ఎవరో ముందు తెలుసుకోండి. బీడీఎస్ ఐదేళ్ళ తర్వాత మరో మూడేళ్ళు ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసినవాళ్ళు ఆర్థోడాంటిస్టులు. మన ఊళ్ళల్లో చాలా క్లినిక్కులకి వాళ్ళు నెలకి ఒకటి రెండు రోజులు వచ్చి వెళ్తుంటారు. అందులో తప్పు లేదు. రెండేళ్ళూ ఒకే డాక్టరు వస్తారా, మధ్యలో తీగ గుచ్చుకుంటే ఎవరు చూస్తారు, ఇవి అడగాలి. చెప్పిన ఫీజులో ఎక్స్‌రేలు, పళ్ళు తీయడం, ఊడిన క్లిప్పులు, చివర రిటైనర్లు కలిశాయా లేదా కాగితం మీద రాయించుకోండి. చవకగా చెప్పిన చోట రిటైనర్ లెక్కలో ఉండదు, చాలామంది డబ్బులకి వెనకాడి అది వదిలేస్తారు. రిటైనర్ లేకపోతే పళ్ళు వెనక్కి వెళ్ళిపోతాయి, పెట్టిన ఖర్చంతా వృథా.

ఖర్చు కష్టమైతే మీ ఊళ్ళోనే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. విజయవాడలో, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో కూడా ఉన్నాయి. సమయం ఎక్కువ పడుతుంది, ఓపిగ్గా కూర్చోవాలి. ఆ ఓపికకి తగ్గ ఫలితం ఉంటుంది.

నేను ఇంటర్‌లో చేరి హాస్టల్‌కి వెళ్తున్నాను. మొన్ననే క్లిప్పులు పెట్టారు. ఏం తినకూడదు? నెలకి ఒక్క ఔటింగే ఇస్తారు.
– ఒక అమ్మాయి, తణుకు

తల్లీ, మొదటి నాలుగైదు రోజులు నొప్పి ఉంటుంది. పెరుగన్నం, ఉప్మా, ఇడ్లీ తిను, అవసరమైతే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వేసుకో. బుగ్గ ఒరుసుకుపోయే చోట క్లిప్పు తడి తుడిచి, క్లిప్పుల కోసం ఇచ్చే మైనం బఠాణీ గింజంత అద్దు. అమ్మ కట్టిచ్చే డబ్బాలో జంతికలు, చక్కిలాలు, చెగోడీలు, వేరుశెనగ చిక్కీ, నువ్వుండలు వద్దను. ఆవకాయలో గుజ్జు తిను, టెంక ముక్క కొరక్కు. జామకాయ, చెరకు ముక్కలు కూడా పళ్ళతో చీల్చొద్దు. మొక్కజొన్న గింజలు ఒలుచుకుని తినొచ్చు. పసుపు ఎక్కువున్న కూరలకి రబ్బర్లు పచ్చబడితే కంగారుపడకు, వాటిని వచ్చేసారి ఎలాగూ మారుస్తారు.

అన్నిటికంటే ముఖ్యం బ్రష్. తిన్నాక క్లిప్పు పైన ఒకసారి, కింద ఒకసారి బ్రష్ వాల్చి రుద్దు. తీగ కింద సన్నటి ఇంటర్‌డెంటల్ బ్రష్ దూర్చు. అలా చేయని వాళ్ళకి క్లిప్పులు తీసిన రోజున వాటి చుట్టూ సున్నం రంగు తెల్లటి మచ్చలు మిగులుతాయి, అవి పూర్తిగా పోవు. ఫ్లోరైడ్ పేస్ట్ వాడు, పడుకునే ముందు మాత్రం ఎంత నిద్రొచ్చినా మానకు.

నెలకి ఒక ఔటింగే ఉందని డాక్టరు గారికి ఇప్పుడే చెప్పు, ఆ తేదీకి తగ్గట్టు తీగ ఎంచుకుంటారు. క్లిప్పు ఊడినా, తీగ చివర బుగ్గలో గుచ్చుకున్నా ఔటింగ్ దాకా ఆగకుండా పంపమని వార్డెన్ మేడమ్ పేరున ఒక చీటీ కూడా ఆయన చేతే రాయించుకో.